తెరిచిన పొట్టను మూయడం నేర్పిన హకీం: అబుల్ ఖాసిమ్ జహ్రావీ

ఎండాకాలం వచ్చిందంటే ఖమ్మం దాటి భద్రాచలం వైపు అడవి అంచు పల్లెల్లో తునికాకు సీజన్ మొదలవుతుంది. చర్ల, దుమ్ముగూడెం చుట్టుపక్కల తెల్లవారకముందే జనం అడవిలోకి బయలుదేరతారు. ఆకు కోసేవాళ్లకు, ఎండుకట్టెలు ఏరుకునేవాళ్లకు గండు చీమ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకసారి కరిచిందంటే పట్టు వదలదు. విసుగొచ్చి లాగితే ఒళ్లు తెగి చేతికొస్తుంది గానీ, తల మాత్రం దవడలతో సహా చర్మాన్ని పట్టుకునే ఉంటుంది.

ఆ పట్టుకు మనం చీమను తిట్టుకుంటాం. వెయ్యేళ్ల కిందట ఒక హకీం మాత్రం అదే పట్టును తన వైద్య గ్రంథంలోకి ఎక్కించారు. పేగు తెగిన చోట రెండు అంచులనూ దగ్గరికి చేర్చి, పెద్ద తల ఉన్న చీమతో కరిపించి, అది పట్టుకోగానే ఒళ్లు కత్తిరించేస్తే తల ఒక కుట్టులా నిలబడిపోతుందని రాశారు. ఆ హకీం పేరు అబుల్ ఖాసిమ్ జహ్రావీ. ఐరోపావాళ్లు ఆయనను అల్బుకాసిస్ అంటారు. నేటి ఆపరేషన్ థియేటర్లలో వాడే పనిముట్లలో చాలావాటి తాతముత్తాతలు ఆయన పుస్తకంలో బొమ్మలుగా కనిపిస్తాయి.

ఈరోజు ఖమ్మంలో, హైదరాబాద్‌లో చిన్న చిల్లులతో, కెమెరా గొట్టాలతో పొట్ట ఆపరేషన్లు జరుగుతున్నాయి. మూడో రోజుకే మనిషి ఇంటికి వచ్చేస్తున్నాడు. అయినా ఆ డాక్టర్లను కలవరపెట్టే ప్రశ్న జహ్రావీని కలవరపెట్టిందే. లోపలికి వెళ్లడానికి చేసిన దారిని లీకు లేకుండా మూయడం ఎలా? ఆయన జీవితంలో మనకు పనికొచ్చే పాఠం అక్కడే ఉంది.

ఊరు పేరే ఇంటిపేరు

ఆయన పూర్తి పేరు అబుల్ ఖాసిమ్ ఖలఫ్ ఇబ్న్ అబ్బాస్ అజ్జహ్రావీ. పేరులో అన్సారీ అని కూడా ఉంటుంది. అంటే మదీనాలో దైవప్రవక్త (స)కు ఆశ్రయమిచ్చి అండగా నిలిచిన అన్సార్ల వంశంవారని. జహ్రావీ అనే మాట మాత్రం ఊరి నుంచి వచ్చింది. అందలూస్‌ను, అంటే నేటి స్పెయిన్‌ను ఏలిన ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్ 936 ప్రాంతంలో ఖుర్తుబా నగరానికి పడమటి దిక్కున, కొండ కింద ఒక కొత్త రాజధాని కట్టించడం మొదలుపెట్టారు. దాని పేరు మదీనతుజ్జహ్రా. జహ్రావీ పుట్టుక కూడా దాదాపు ఆ కాలానిదే. ఊరూ మనిషీ కలిసి పెరిగారన్నమాట.

అప్పటి ఖుర్తుబా ఐరోపాలోని అతిపెద్ద నగరాల్లో ఒకటి. మసీదులు, హమ్మాములు, పుస్తకాల బజార్లు ఉండేవి. అబ్దుర్రహ్మాన్ కొడుకు రెండో హకమ్ 961 నుంచి 976 దాకా పాలించారు. ఆయనకు పుస్తకాలంటే ప్రాణం. ఆయన గ్రంథాలయంలో 4 లక్షల పుస్తకాలు ఉండేవని పాత చరిత్రకారులు రాసుకున్నారు. బాగ్దాద్‌లో, ఖాహిరాలో కొత్త పుస్తకం వచ్చిందంటే దాని నకలు అందలూస్‌కు చేరేది. గ్రీకు వైద్యుడు జాలీనూస్ రచనలు, అర్రాజీ రచనలు అరబ్బీలో చేతికందే ఊళ్లో జహ్రావీ వైద్యం నేర్చుకున్నారు.

ఇంత పెద్ద హకీం జీవిత చరిత్ర చాలా చిన్నది. ఆయన పోయిన తర్వాత కొన్ని దశాబ్దాలకు హుమైదీ అనే పండితుడు అందలూస్ పెద్దల గురించి రాస్తూ ఈయనకు నాలుగు ముక్కలు కేటాయించారు. దీన్‌దారు, సద్గుణవంతుడు, జ్ఞాని, వైద్యంలో దిట్ట అన్నది ఆ మాటల సారం. ఇబ్న్ హజ్మ్ కూడా అందలూస్ గొప్ప వైద్యుల్లో ఈయనను లెక్కించారు. మిగతాదంతా ఆయన పుస్తకంలోంచే ఏరుకోవాలి. రోగుల గురించి, తోటి వైద్యుల తప్పుల గురించి, తన సొంత భయాల గురించి ఆయన అందులో దాచుకోకుండా రాశారు.

కత్తి పట్టడం చిన్నతనమైన రోజులు

అప్పట్లో పెద్ద హకీములు నాడి చూసేవారు, మందు రాసేవారు. కోత పనంటే చాలామందికి చిన్నచూపు. గడ్డ కోయడం, రక్తం తీయడం, పన్ను పీకడం లాంటి పనులు హజ్జాముల చేతుల్లోకి వెళ్లిపోయాయి. తమ ప్రాంతంలో శస్త్రచికిత్స విద్య దాదాపు అంతరించిపోయిందని, పాతవాళ్ల పుస్తకాల్లో మిగిలిన కొద్దిపాటి ముక్కలు కూడా నకలు రాసేవాళ్ల తప్పులతో చెడిపోయాయని జహ్రావీ బాధపడ్డారు.

విద్య లేకుండా కత్తి పడితే ఏమవుతుందో ఆయన కళ్లారా చూశారు. ఒక వైద్యుడు ఒక ఆడమనిషి మెడ మీది గడ్డను కోయబోయి, అక్కడి రక్తనాళాన్ని తెగ్గోశాడు. ఆమె అతని చేతుల్లోనే రక్తం పోయి చనిపోయింది. ఇంకొకడు మూత్రాశయంలో పెద్ద రాయి ఉన్న మనిషికి ఆపరేషన్ చేసి, రాయితోపాటు మూత్రాశయం ముక్క కూడా లాగేశాడు. మూడు రోజులు తిరక్కుండానే రోగి ప్రాణం పోయింది. ఆ రోగిని తీయమని ముందు జహ్రావీనే అడిగారు. రాయి పరిమాణం, మనిషి పరిస్థితి చూసి బతకడని తెలిసి ఆయన కత్తి ముట్టలేదు.

ఈ సంగతులను ఆయన ఊసుపోక చెప్పలేదు. శరీరం లోపల ఏది ఎక్కడుందో, ఎముక ఎలా ఉంటుందో, నరం ఎటు పోతుందో, ఏ రక్తనాళం కొట్టుకుంటుందో తెలియనివాడు కత్తి పట్టుకుంటే అది హత్యతో సమానమేనని ఆయన భావం. ఆపరేషన్లను ఆయన రెండు రకాలుగా విడదీశారు. మనిషిని బతికించే నమ్మకం ఉన్నవి కొన్ని, ప్రాణాపాయం ఎక్కువ ఉన్నవి కొన్ని. రెండో రకం దగ్గర డబ్బాశకు, పేరాశకు లొంగొద్దని శిష్యులను గట్టిగా హెచ్చరించారు. శిష్యులను ఆయన నా బిడ్డలారా అన్నట్టే పిలిచేవారు. పుస్తకమంతా ఒక తండ్రి కొడుకులకు చెబుతున్నట్టు సాగుతుంది.

30 భాగాల తస్రీఫ్

దాదాపు 50 ఏళ్ల అనుభవాన్ని కూడగట్టి, 1000వ సంవత్సరం ప్రాంతంలో ఆయన తన గ్రంథాన్ని పూర్తి చేశారు. దాని పేరు కితాబుత్తస్రీఫ్. పెద్ద పెద్ద వైద్య గ్రంథాలను సొంతంగా కూర్చుకోలేని వైద్యుడికి ఇదొక్కటి ఉంటే చాలు అన్నది ఆ పూర్తి పేరులోని ఉద్దేశం. మొత్తం 30 భాగాలు. రోగాలు, మందుల తయారీ, ఆహారం, లేపనాలు అన్నీ ఉన్నాయి. లోకం గుర్తుపెట్టుకున్నది మాత్రం చివరిదైన 30వ భాగాన్ని. అది పూర్తిగా శస్త్రచికిత్స గురించి. అందులో మూడు అధ్యాయాలు. మొదటిది వాతలు పెట్టడం, రెండోది కోతలు, గాయాలు, మూడోది విరిగిన ఎముకలు, తొలగిన కీళ్లు.

ఈ భాగంలో దాదాపు 200 పనిముట్ల బొమ్మలున్నాయి. కత్తులు, కొక్కేలు, రంపాలు, పట్టకార్లు, గొట్టాలు, పళ్లు గీకే పనిముట్లు. చదివినవాడు ఊళ్లోని కమ్మరికి బొమ్మ చూపించి చేయించుకునేలా గీశారు. వాటిలో ఒకటి మనసును తాకుతుంది. చీము గడ్డ కోయాలంటే కత్తి చూసి రోగి హడలిపోతాడని, చేతిలో దాగిపోయే కత్తిని ఆయన చూపించారు. రోగి భయాన్ని కూడా వైద్యంలో లెక్కవేసిన మనిషి ఆయన.

ఆడవాళ్ల విషయంలోనూ ఆయనకు ఆ జాగ్రత్త ఉంది. మూత్రాశయంలో రాళ్లున్న స్త్రీని పరాయి మగవాడు పరీక్షించడం కష్టం కాబట్టి, నేర్పున్న ఆడ వైద్యురాలిని వెతకాలని, దొరక్కపోతే వైద్యుడు చెబుతుంటే మంత్రసాని చేతులతో ఆ పని జరిపించాలని వివరంగా రాశారు. సిగ్గు పేరుతో వైద్యమే మానేయమని ఆయన చెప్పలేదు. సిగ్గు కాపాడుతూ వైద్యం అందే దారి చూపించారు.

పొట్ట తెగితే ఏం చేయాలి

ఇప్పుడు అసలు విషయం. బల్లెం దెబ్బకో కత్తి పోటుకో పొట్ట తెగి, పేగు బయటికొచ్చిన మనిషిని తెచ్చి పడుకోబెడతారు. యుద్ధాల కాలం కాబట్టి అలాంటి గాయాలకు కొదవలేదు. అప్పుడు ఏం చేయాలో జహ్రావీ ఒక్కో మెట్టూ విడమరిచి రాశారు.

చిన్న గాయమైతే ఏముందిలే అని మనం అనుకుంటాం. చిన్న గాయానికీ దాని కష్టం దానికి ఉందని ఆయన చెప్పారు. చిన్న చిల్లులోంచి బయటికొచ్చిన పేగుకు చల్లగాలి తగిలి ఉబ్బుతుంది. ఉబ్బిన పేగు మళ్లీ ఆ చిల్లులోంచి లోపలికి పోదు. బలవంతంగా తోస్తే చితికిపోతుంది. అందుకని ముందు గోరువెచ్చని నీళ్లలో ముంచిన స్పాంజితో పేగును మెల్లగా కాపాలి. వాపు దిగితే లోపలికి జారుతుంది. అప్పటికీ పోకపోతే, పేగుకు తగలకుండా ప్రత్యేకమైన పనిముట్టుతో గాయాన్నే కొంచెం వెడల్పు చేయాలి. రోగిని పడుకోబెట్టే తీరు కూడా ముఖ్యమే. గాయం పొట్ట కింది భాగంలో ఉంటే కాళ్లవైపు ఎత్తు పెట్టాలి, పైభాగంలో ఉంటే తల, ఛాతీ ఎత్తులో ఉండాలి. అప్పుడు పేగుల బరువు గాయం మీద పడదు. ఆపరేషన్ బల్లను అటూ ఇటూ వంచి పేగులను పక్కకు జరిపే పద్ధతి నేటి సర్జన్లకూ రోజువారీ పనే.

తర్వాత కుట్లు. సహాయకుడు తన చేతులతో గాయం మొత్తాన్ని కప్పి పట్టుకోవాలి. కుట్టేవాడికి కావలసినంత మేరే కొంచెం కొంచెంగా తెరుస్తూ పోవాలి. సూది మరీ అంచుకు దగ్గరగా దిగితే దారం కండను కోసుకుని బయటికొచ్చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, పొట్ట గోడ ఒకే పొర కాదని గుర్తుంచుకోవడం. పైన చర్మం, దాని కింద కండ, ఇంకా లోపల సిఫాఖ్ అనే పలచని పొర. ఈ లోపలి పొరను వదిలేసి పైచర్మం మాత్రం కుడితే గాయం మూసుకున్నట్టు కనిపిస్తుందే తప్ప మూసుకోదు. కుట్టే పద్ధతులు కూడా ఒకటి కాదు, నాలుగు రకాలు చెప్పారు. తోలు కుట్టేవాళ్ల కుట్టును పోలినవి కూడా వాటిలో ఉన్నాయి.

ఇంతవరకూ పొట్ట గోడ సంగతి. పేగుకే చిల్లు పడితే? అక్కడే గండు చీమ వస్తుంది. దాంతోపాటే ఇంకో ఉపాయం కూడా. జంతువు పేగు నుంచి తీసిన సన్నని దారంతో పేగును కుట్టవచ్చని ఆయన రాశారు. పేగుతో చేసిన దారం శరీరంలో మెల్లగా కరిగిపోతుంది. దాన్ని తీయడానికి మళ్లీ పొట్ట తెరవనక్కర్లేదు. గొర్రె, ఆవు పేగుల నుంచి తీసే క్యాట్‌గట్ దారం మొన్న మొన్నటి దాకా లోకమంతా వాడింది. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో దాని స్థానంలోకి రసాయనాలతో చేసిన కరిగిపోయే దారాలు వచ్చాయి. ఆలోచన మాత్రం అదే.

ఇవన్నీ ఆయన ఒక్కరే కనిపెట్టారని చెప్పడం సరికాదు, ఆయనా అలా చెప్పుకోలేదు. జాలీనూస్ నుంచి, పౌలుస్ అనే మరో గ్రీకు వైద్యుడి నుంచి చాలా తీసుకున్నారు. పేగు చిల్లుకు చీమల తలలు పెట్టడం మన దేశపు సుశ్రుత సంహితలోనూ ఉంది. ఆ సంహిత 8వ శతాబ్దంలోనే బాగ్దాద్‌లో అరబ్బీలోకి అనువాదమైంది. విద్యకు ఎల్లలు లేవని దీన్నిబట్టి తెలుస్తుంది. జహ్రావీ ప్రత్యేకత ఏమిటంటే, పాతవాళ్లు చెప్పినదాన్ని చేతితో చేసి చూసి, పనికొచ్చిందేదో పనికిరానిదేదో చెప్పి, బొమ్మ గీసి, తర్వాతివాళ్లకు అప్పగించారు.

ఆశ ఉన్నంతవరకే మాట ఇచ్చారు

పేగుకు వేసే కుట్ల గురించి రాస్తూ ఆయన గొప్పలకు పోలేదు. ఇది ఆశ మీద చేసే పనే తప్ప ఖాయంగా బతికిస్తామని చెప్పే పని కాదని ఒప్పుకున్నారు. అయినా చేయి వదలకూడదనడానికి తాను చూసిన ఒక రోగి సంగతి చెప్పారు. ఆ మనిషికి పొట్టలో బల్లెం పోటు పడింది. గాయం పాతబడి, దాని గుండా మలం, గాలి బయటికి వచ్చేవి. బాగవుతాడన్న నమ్మకం జహ్రావీకే లేదు. అయినా ఓపికగా మందులు వేస్తూ, గాయాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. చివరికి గాయం పూడింది, మనిషి కోలుకున్నాడు.

ఇంకో సంగతి అందరికీ తెలిసిందే. ఒక బానిస పిల్ల కత్తి తీసుకుని తన గొంతు కోసుకుంది. జహ్రావీని పిలిపించారు. వెళ్లి చూస్తే పెద్ద రక్తనాళాలు తెగలేదు, గాలి గొట్టం మాత్రం తెగి గాయంలోంచి గాలి వస్తోంది. ఆయన ఆ గాయాన్ని వెంటనే కుట్టేశారు. పిల్ల బతికింది. గొంతు కాస్త బొంగురుపోవడం తప్ప మరే లోపం మిగల్లేదు. దీన్నిబట్టి గాలి గొట్టం కోయడం అంత ప్రాణాంతకం కాదని ఆయన గ్రహించారు. ఆ పిల్ల ఎందుకు అలా చేసుకుందో పుస్తకంలో లేదు. ఆమెను మందలించిన మాట కూడా లేదు.

చేయగలిగింది ఎంత ధైర్యంగా చెప్పారో, చేయలేనిదీ అంతే ధైర్యంగా చెప్పారు. క్యాన్సర్ పుండు చిన్నగా ఉన్నప్పుడే, పూర్తిగా తీయగలిగే చోట ఉంటేనే తీయాలన్నారు. పెద్దదై పాతబడిన క్యాన్సర్‌ను తాను ఎన్నడూ నయం చేయలేదని, నయం చేసినవాడినీ చూడలేదని రాశారు. తన ఓటమిని పుస్తకంలో రాసుకునే వైద్యుడు ఎంతమందికి దొరుకుతాడు?

ఊరు కూలింది, పుస్తకం నడిచింది

ముసలితనంలో ఆయన చూసినవి మంచి రోజులు కావు. 1009లో అందలూస్‌లో అంతర్యుద్ధం రేగింది. కళ్లముందు పెరిగిన మదీనతుజ్జహ్రాను దోచుకున్నారు, తగలబెట్టారు. ఆయన పేరులో నిలిచిన ఆ నగరం 80 ఏళ్లు కూడా నిండకుండానే శిథిలమైంది. 1013లో ఖుర్తుబా కూడా దోపిడీకి గురైంది. జహ్రావీ కన్నుమూసింది కూడా ఆ ప్రాంతంలోనే. మదీనతుజ్జహ్రా శిథిలాలు చాలాకాలం మట్టి కింద ఉండి, తవ్వకాల్లో బయటపడ్డాయి. 2018లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

రాజధాని నేలమట్టమైనా పుస్తకం ఆగలేదు. 12వ శతాబ్దంలో టొలేడో నగరంలో జెరార్డ్ ఆఫ్ క్రెమోనా అనే అనువాదకుడు 30వ భాగాన్ని లాటిన్‌లోకి మార్చారు. 14వ శతాబ్దపు ఫ్రెంచి సర్జన్ గీ ద షోలియాక్ తన గ్రంథంలో జహ్రావీ పేరును 200 సార్లకు పైగా చెప్పుకున్నారు. 1465లో అమాస్యా నగరంలో షరఫుద్దీన్ సబున్‌జువోగ్లూ అనే హకీం దీని ఆధారంగా తుర్కీలో రంగుల బొమ్మలతో శస్త్రచికిత్స గ్రంథం రాశారు. 1497లో లాటిన్ అనువాదం వెనిస్‌లో అచ్చయింది. ఐరోపా సర్జన్లు కొన్ని వందల ఏళ్లు ఈ పుస్తకం పక్కన పెట్టుకునే కత్తి పట్టారు. 1973లో ఇంగ్లిషు అనువాదం వచ్చింది.

హైదరాబాద్‌లో అదే ప్రశ్న

ఆయన పోయి దాదాపు 1000 ఏళ్లయ్యాక అదే ప్రశ్న మన హైదరాబాద్‌లో లేచింది. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి, డాక్టర్ జి.వి. రావు ఒక కొత్త పని చేశారు. పొట్ట మీద కాలిన గాయాల మచ్చలున్న రోగికి అపెండిక్స్ తీయాలి. పైనుంచి కోత పెట్టడం కష్టం. అందుకని నోటి ద్వారా ఎండోస్కోపీ గొట్టాన్ని జీర్ణాశయంలోకి పంపి, దాని గోడకు లోపలి నుంచే చిల్లు చేసి, ఆ దారిలో పొట్టలోకి వెళ్లి అపెండిక్స్ తీశారు. పొట్ట మీద ఒక్క కోత కూడా లేదు. 2004లో ఈ సంగతి బయటికి వచ్చినప్పుడు ప్రపంచంలోని సర్జన్లంతా హైదరాబాద్ వైపు చూశారు. అదే ఏడాది అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు పందుల మీద చేసిన ఇలాంటి ప్రయోగాల ఫలితాలు అచ్చయ్యాయి.

ఆ చిల్లును మూయడం మాత్రం అంత తేలిక కాలేదు. జీర్ణాశయంలో ఆమ్లం ఉంటుంది, తిన్న తిండి ఉంటుంది, సూక్ష్మక్రిములుంటాయి. మూసిన చోట వెంట్రుకంత సందు మిగిలినా అవి పొట్టలోకి కారి చీము పడుతుంది, ప్రాణం మీదికొస్తుంది. మామూలు ఎండోస్కోపీ క్లిప్పులు చిన్నవి. అవి లోపలి పొరను పట్టుకుంటాయి గానీ గోడ మొత్తాన్ని పట్టడం కష్టం. పైపొర మాత్రం కుడితే గాయం మూసుకోదని జహ్రావీ చేసిన హెచ్చరికే ఇక్కడ తిరగబడి ఎదురైంది.

దాంతో రకరకాల పనిముట్లు వచ్చాయి. గొట్టం చివర సూదీ దారం అమర్చి లోపలే కుట్టే యంత్రం ఒకటి. గొట్టం మూతికి తొడిగే పెద్ద క్లిప్పు ఇంకొకటి. ఈ రెండోదాన్ని చూస్తే గండు చీమ గుర్తురాక మానదు. పళ్లున్న రెండు లోహపు దవడలు తెరుచుకుని ఉంటాయి. చిల్లు అంచులను గొట్టంలోకి పీల్చి దగ్గరికి చేర్చి, క్లిప్పును వదిలితే దవడలు గోడ మొత్తాన్ని కరిచి పట్టుకుంటాయి. గొట్టం బయటికొచ్చేస్తుంది, దవడలు అక్కడే ఉండిపోతాయి. అలా తయారు చేసినవాళ్లు తస్రీఫ్ చదివారో లేదో గానీ, పట్టుకుని వదలకుండా ఉండటమే మూయడంలో కీలకమని ఇద్దరికీ తెలుసు.

అయినా నోటి దారిలో అపెండిక్స్ తీయడం ఇంటింటి ఆపరేషన్ కాలేదు. మూత మీద పూర్తి భరోసా కుదరకపోవడం ఒక కారణం. పొట్ట మీద మూడు చిన్న చిల్లులతో చేసే ల్యాప్రోస్కోపీ అప్పటికే బాగా పనిచేస్తుండటం ఇంకో కారణం. కొత్త దారి ఉంది కదా అని తొందరపడలేదు. భరోసా లేని చోట చేయి ఆపుకోవాలన్న జహ్రావీ మాటకు ఇది తగినట్టే ఉంది. ఆ ప్రయత్నాల్లో నేర్చుకున్నది వృథా కూడా కాలేదు. మింగుడు పడని జబ్బుకు అన్నవాహిక గోడలోనే సొరంగం చేసి కండరం కోసే పోయెం ఆపరేషన్‌ను జపాన్ వైద్యుడు ఇనౌయె 2008లో మనిషికి మొదటిసారి చేశారు. అది ఇప్పుడు హైదరాబాద్‌లోనూ మామూలుగా జరుగుతోంది. అందులో లోపలి పొరలో చేసిన ద్వారం ఒకచోట, కండరం కోసేది మరోచోట. చివర్లో ఆ ద్వారాన్ని క్లిప్పులతో మూస్తారు.

మన ఇళ్లకు పనికొచ్చే మాట

భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లకు పైనే. ఖమ్మం కూడా 100 కిలోమీటర్ల పైమాటే. చర్ల అవతలి పల్లెలకైతే ఇంకా దూరం. గాల్‌బ్లాడర్ రాళ్లకో అపెండిక్స్‌కో చిన్న చిల్లుల ఆపరేషన్ చేయించుకుని రెండు మూడు రోజుల్లో బస్సెక్కి వచ్చేసిన అమ్మీజాన్‌నో అన్ననో చూసి, చిన్న గాయమే కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. చిన్న గాయానికీ దాని కష్టం ఉందని ఖుర్తుబా హకీం చెప్పింది ఇలాంటప్పుడే గుర్తు చేసుకోవాలి. పైన కనిపించేది వేలు మందం చిల్లే కావచ్చు. లోపల జరిగిన పని పెద్దది.

ఇంటికి వచ్చాక నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గకుండా పెరుగుతుంటే, చలితో జ్వరం వస్తే, పొట్ట ఉబ్బి బల్లలా గట్టిపడితే, వాంతులు ఆగకపోతే, చిల్లు దగ్గర చీము గానీ పచ్చని నీరు గానీ కారుతుంటే తెల్లవారేదాకా ఆగకూడదు. దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లాలి, ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేయాలి. గాయం మీద ఆకు పసరు, పసుపు, పొడులు పెట్టకూడదు. డాక్టర్ చెప్పినన్ని రోజులు బరువులు ఎత్తకూడదు. చర్మం మానినా లోపలి పొర మానడానికి వారాలు పడుతుంది. అది మానకముందే బరువెత్తితే చిల్లు పడిన చోట పేగు ఉబ్బుకొచ్చి హెర్నియా అవుతుంది. డిశ్చార్జి కాగితాన్ని ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచాలి. రాత్రిపూట వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అక్కడి డాక్టరుకు అదే దారి చూపుతుంది.

కార్డోబాలో ఈరోజుకీ ఒక వీధి అల్బుకాసిస్ పేరుతో ఉంది. ఆయన సమాధి చూపించి ఫాతిహా చదవడానికి మాత్రం చోటు లేదు. అయినా ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో ఒక సర్జన్ పని ముగించి, లోపలి పొరను వదిలేయకుండా కుట్టి, అంచులు కలిశాయో లేదో ఇంకోసారి చూసుకున్న ప్రతిసారీ ఆయన నేర్పిన పాఠం సాగుతూనే ఉంది. ప్రయోజనకరమైన జ్ఞానం మనిషి పోయిన తర్వాత కూడా పుణ్యంగా కొనసాగుతుందని మన పెద్దలు చెబుతారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక. మన పిల్లల్లో అలాంటి చేతులను, అలాంటి జాగ్రత్తను పుట్టించుగాక. ఆమీన్.